పదును లేని నేల కోసం

ధర్మవరం దాటి బస్సు కొత్తచెరువు దారి పట్టిన కాసేపటికి ఒక వెదురు కర్ర వచ్చి నా కళ్ళద్దాలను ఊడగొట్టింది. కర్ర నా వెనక సీటు మనిషిది. నిటారుగా పెట్టుకోవడానికి బస్సు కప్పు చాలదు, అడ్డంగా పెట్టుకోవడానికి జనం ఒప్పుకోరు. అందుకని సగం కిటికీలోంచి బయటికి, సగం మా తలల మీదికి ఏటవాలుగా పట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా కర్ర ఎవరో ఒకరిని పలకరిస్తోంది.

కండక్టరు వచ్చి చూశాడు. "ఏమప్పా, బస్సులోనే పందిరేస్తాండావా? దీనికి గూడా టికెట్టు కొట్టల్లా యేమి?"

"కొట్టన్నా. సీటు మాత్రం కిటికీ కాడ ఇయ్యి దానికి."

బస్సంతా నవ్వింది. ఆ మాట అన్న మనిషి మాత్రం నవ్వలేదు. నా అద్దాలు ఏరి, తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. నలభై దాటి ఉంటాడు. కాళ్ళ దగ్గర గోనెపట్టలో చుట్టిన గడ్డపార ఉంది. ఆ గడ్డపార కంటే ముందు నా కళ్ళు అతని పాదాల మీద పడ్డాయి. ఈ సీమలో ఎండకు పగిలిన అరికాళ్ళు ఎన్ని చూశానో లెక్కలేదు. ఇవి అలాంటివి కావు. వేళ్ళ సందులు తెల్లగా నాని, తోలు ఊడి ఉన్నాయి. ఇలాంటి పాదాలు కృష్ణ కాలవల కింద నాట్లు వేసేవాళ్ళకు ఉంటాయి. కంది చేలు కూడా ఎండిపోయే ఈ మెట్టలో ఈ మనిషి ఏ నీళ్ళలో నిలబడ్డాడా అని నాకు ఆశ్చర్యం వేసింది.

"ఆ కర్రతో యేం పని?" అని అడిగాను.

"ఇల్లు చూసేదానికి, పెద్దాయనా."

"కర్రతోనా?"

"కర్రతోనే. కర్ర నిలబడిన ఇంట్లో మేము ఉండొచ్చు. లేకుంటే లేదు."

పేరు చెన్నప్ప. సొంత ఊరు కుందుర్పి పక్క పల్లె. పట్టుచీరలు నేస్తాడు. ఆ కర్ర అతని మగ్గం ఎత్తు. చీర అంచులో పువ్వులు తెప్పించే జాకార్డు పెట్టె మగ్గం నెత్తిన కూర్చుంటుంది కాబట్టి మామూలు ఇళ్ళ కప్పు దానికి చాలదు. కింద నేలలో నడుము లోతు గుంత తవ్వాలి. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు ఆ గుంతలోకి వదిలి మగ్గాన్ని నడిపే పావళ్ళు తొక్కుతాడు. అంటే పైన ఎత్తు కావాలి, కింద లోతు కావాలి. ఆ లోతుకు ఒప్పుకునే ఇంటాయన కావాలి. గడ్డపార తెచ్చింది నేల గుణం చూడడానికి.

ఇల్లు ఎంచుకోవడం గురించి మన పెద్దలు బోలెడు శాస్త్రం రాసి పెట్టారు. వాకిలి ఎటు ఉండాలి, పొయ్యి ఏ మూల ఉండాలి, మెట్లు ఎన్ని ఉండాలి, అన్నీ చెప్పారు. ఊరూరూ తిరిగేవాణ్ణి కనుక నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. కొత్త ఊళ్ళో రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియనప్పుడు కుక్క ఎక్కడ పడుకుందో చూస్తాను. అది పడుకున్న చోట గాలి ఉంటుంది, తేమ ఉండదు. చెన్నప్పకు ఈ మాట చెబితే, "మూడేండ్ల కిందట నువ్వు కనిపించి ఉంటే బాగుండు" అన్నాడు. పరిహాసమనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

కుందుర్పిలో ఉన్నన్నాళ్ళు అతను వేరుశెనగ రైతు. బోర్లు ఎండిపోయాయి, అందరి కథే. అతని ఇంట్లో దానికి మించింది ఒకటి జరిగింది. భార్య తిమ్మమ్మ నిండు చూలాలుగా ఉన్నప్పుడు, ఊరికి దూరంగా ఉన్న బోరు నుంచి రెండు బిందెలతో వస్తూ రాళ్ళ బాటలో పడిపోయింది. బిందె పగిలింది, కడుపు పోయింది. పెద్దకూతురు హేమలత ఒక్కతే మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చిన తిమ్మమ్మ ఏడవలేదట. "నీళ్ళు లేని ఊళ్ళో నేను ఇంక ఉండను. నన్ను యాడికైనా పిలుచుకొని పో" అందట.

ధర్మవరం వచ్చారు. మార్కండేయ అని ఒక నేతగాడు తన మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. రైతు చేతులు పట్టుకు పనికి రావని అందరూ అన్నా, చెన్నప్ప నేర్చుకున్నాడు. చీరలు నేయించే షావుకారు గంగాధరప్ప మగ్గమూ పట్టూ ఇచ్చి, "ఇల్లు చూసుకొని పాతుకో" అన్నాడు. మగ్గం దించుకోవడానికి ఇల్లు వెతికే పని అప్పుడు మొదటిసారి వచ్చింది.

"రెండిండ్లు చూసినాం, పెద్దాయనా. ఒకటి గుట్ట మీద. ఎత్తుండాది, గాలుండాది, నీళ్ళు లేవు. ఇంకొకటి చెరువు కట్ట కింద. వాకిట్లో బోరింగు. మా ఆడమనిషి ఆ బోరింగు కొట్టి, దోసిలి పట్టి తాగి, ఇంగ దాని కాడ్నించి లేస్తేగా."

"నువ్వేం చూశావు?"

అతను చెయ్యి చాపి పిడికిలి బిగించాడు. "నేను మన్ను చూస్తి. గుంత తవ్వితే అడుగున తేమ. తీసి పిడికిట్లో పడితే ముద్ద కట్టె. పదును, పెద్దాయనా. విత్తనమేసే పదును. అట్లాంటి మన్ను చేతిలోకొచ్చి యెన్నేండ్లాయనో. చేతికి సంతోషమాయ, నేనేం జేసేది? ఆడనే, ఆ పూటే ఒప్పుకుంటి."

వేరుశెనగ వేసే ఈ మెట్టలో రైతు అయినవాడు మన్ను పిడికిట పట్టి ముద్ద కడుతుందా లేదా చూస్తాడు. కడితే అరక కడతాడు, విడిపోతే ఇంటికిపోయి ఆకాశం చూస్తాడు. పుట్టినప్పటి నుంచి నేర్చిన చదువు అది. మగ్గం గుంత దగ్గర ఆ చదువును తలకిందులు చేసుకోవాలని చెన్నప్పకు తోచలేదు. పుట్టు నేతగాడు అయితే ఆ మన్ను పట్టిన చెయ్యి కడుక్కుని పరిగెత్తేవాడు. మగ్గం పాతడానికి సాయం వచ్చిన మార్కండేయ గుంతలోకి దిగి, గోడ తడిమి, "ఇది మడి కదరా. దీంట్లో మగ్గమేంది, వరి నాటుకో" అన్నాడట. ఆ ఇల్లు తన చుట్టాలకు కావాలని మార్కండేయ అట్లా అంటున్నాడని తిమ్మమ్మ అనుకుంది. చెన్నప్పకూ అట్లే అనిపించింది.

చెరువు ఎండి ఉన్నంతకాలం ఏమీ కాలేదు. మగ్గం మీంచి చీరలు దిగాయి. హేమలత ఇంటరులో చేరింది. ఆ తర్వాత ఎవరూ ఎదురుచూడని వానలు వచ్చాయి. ముసురు పట్టి చెరువు నిండింది. ఊరంతా కట్ట మీదికి పోయి కొబ్బరికాయలు కొట్టింది. చెన్నప్ప కూడా కొట్టాడు. మరునాడు తెల్లవారి మగ్గం దగ్గరికి పోతే గుంతలో మడమలు మునిగే నీళ్ళు ఉన్నాయి. పై నుంచి కురిసినవి కావు, అడుగు నుంచి ఊరినవి. తోడితే మధ్యాహ్నానికి మళ్ళీ ఊరేవి.

"తోడినాము, ఎత్తిపోసినాము. నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకొని నేస్తి. పట్టు పోగు వదులాయ. పోగులు పట్టే ఇనుప అచ్చు తుప్పు పట్టి చీర నిండా మరక. జరీ నల్లబడె. షావుకారు చీర ఇప్పి చూసి, మాట్లాడకుండ మడిచి నా చేతికిచ్చినాడు. తిట్టింటే బాగుండు. మా ఊర్లో నీళ్ళు లేక కరువు, ఈడ నా ఇంట్లో నీళ్ళుండి కరువు. ఎవురికి చెప్పుకునేది?"

గంగాధరప్ప ఒక్క గడువు పెట్టాడు. అమావాస్యకు ధర్మవరంలో మగ్గాలకు సెలవు. ఆ సెలవు తీరేసరికి పొడి నేల మీద మగ్గం ఆడాలి, లేకుంటే మగ్గం ఇంకొకరికి పోతుంది. ఆ అమావాస్య ఈరోజే. మగ్గం విప్పి మార్కండేయ వసారాలో పెట్టారు. ధర్మవరంలో ఎత్తున్న ఇళ్ళన్నీ మగ్గాలతో నిండి ఉన్నాయి కనుక కొత్తచెరువు వైపు బయలుదేరాడు.

తిమ్మమ్మ మూటలు కట్టుకుని తయారుగా ఉంది. ఎటు పోవడానికన్నది ఈ సాయంత్రం తేలాలి. ఆమె తమ్ముడు గిరి బెంగళూరులో కడుతున్న మేడకు కాపలా ఉంటున్నాడు. రేకుల కొట్టం ఇస్తారు, డ్రమ్ములో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. "నీళ్ళుండే ఇల్లయితే నీ యెంట వస్తా. లేకుంటే హేమను పిలుచుకొని మా గిరి దగ్గరికి పోతా" అని చెప్పింది.

"పోతుందా?" అని అడిగాను.

"చెప్పినమాట చేసే మనిషి, పెద్దాయనా. అదే దిగులు."

నేను పుట్టపర్తి దాకా టికెట్టు తీసుకున్నాను. కొత్తచెరువులో అతనితో పాటే దిగిపోయాను. నాకు అక్కడ పనేమీ లేదు.

మొదటి ఇల్లు రామాంజినమ్మ అనే ఆమెది. రోడ్డు పక్కనే, కొత్తగా కట్టింది. కర్ర నిలబడింది. ఆమె కొళాయి తిప్పి చూపించింది. ధారగా పడుతున్న ఆ నీళ్ళ వంక చెన్నప్ప చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆకలిగొన్నవాడు పరాయి విస్తరి వంక చూసినట్టు చూశాడు.

"ఎంతమంది మీరు?"

"ముగ్గురమక్కా. ఒక గుంత తీసుకోవల్ల. మగ్గం గుంత, కాళ్ళు పెట్టుకునేకి."

ఆమె నేల వంక చూసింది, తర్వాత గడ్డపార వంక చూసింది. "తాడిపత్రి నుంచి బండలు తెప్పించి పరిపిస్తి. దీంట్లో గుంత తీస్తావా? కాళ్ళు పెట్టుకునేకి నీకు వేరే చోటే దొరకలేదా?"

"పోయేటప్పుడు పూడ్చి, బండ మళ్ళా అట్లే పెట్టిస్తానక్కా."

"మా ఆయన పన్ను పెరికి మళ్ళా అట్లే పెట్టియ్యి చూద్దాం. అప్పుడు తీద్దువు గుంత."

రెండోది మారెప్ప అనే ఆయన రేకుల ఇల్లు. మట్టి నేలే. తవ్వుకోమన్నాడు. కర్ర సగంలోనే రేకుకు తగిలింది.

"మనిషి నిలబడతాండాడు కదప్పా, చాల్దా?"

"మగ్గం నిలబడవల్లన్నా."

"అట్లయితే లోపల మగ్గాన్నే పెట్టుకో. నువ్వు బయట పండుకో."

"బయటే పండుకుంటానన్నా. రేకులు పైకి లేపిస్తావా?"

మారెప్ప ఎగతాళికి అన్నాడు, ఇతను నిజంగానే అడిగాడు. అది తెలిసి మారెప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఎండలో నడుస్తుంటే నాకు పెనుకొండ గుర్తుకొచ్చింది. అక్కడికి ఎంతో దూరం లేదు. హంపీ పోగొట్టుకున్న రాజులు ఏనుగుల మీద సామాను వేసుకుని వచ్చి ఆ కొండ కింద మకాం పెట్టారు. వాళ్ళూ కొత్త చోట ఇల్లు వెతుక్కున్నవాళ్ళే. కొండ చూసుకున్నారు, కోట గోడ చూసుకున్నారు, శత్రువు ఎటు వైపు నుంచి వస్తాడో చూసుకున్నారు. వెంట వచ్చిన ఆడవాళ్ళను నీళ్ళ సంగతి అడిగారో లేదో నేను చదివినంతలో ఎక్కడా రాసి లేదు. ఇదంతా చెన్నప్పకు చెప్పబోయాను. అతను వినే స్థితిలో లేడు. ప్రతి ఇంటి కప్పునూ కంటితో కొలుస్తూ నడుస్తున్నాడు. ఇంకో మూడు నాలుగు వాకిళ్ళలో లేదనిపించుకున్నాం. ఒక చోట తలుపు తీయకుండానే లేదన్నారు. దారిలో హోటలు కనిపిస్తే తిందామన్నాను. "నువ్వు తినుపో" అని ఆగకుండా పోయాడు. నేనూ తినలేదు.

బయమ్మ అనే ముసలామె ఇల్లు ఊరికి ఆ చివర, గులకరాళ్ళ దిబ్బ మీద ఉంది. పాతకాలపు మిద్దె. ఒకప్పుడు శెనగకాయ మూటలు నిలవ పెట్టిన గది, అందుకే ఎత్తుగా కట్టారు. కర్ర నిలబడి ఇంకా పైన జానెడు సందుంది. బయమ్మ మనవరాండ్లను ఎత్తిన వయసు దాటింది. ఆ గదిని ఆనుకున్న చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. చెవులు చురుగ్గా ఉన్నాయి, నోరు అంతకంటే.

"తవ్వుకో నాయనా, యెంత లోతన్నా తవ్వుకో. తవ్వి తవ్వి నీళ్ళు పడితే మాత్రం నాకు చెప్పు. ఊరంతా వచ్చి నీకు మొక్కుతాది."

చెన్నప్ప గోనెపట్ట విప్పాడు. గడ్డపార దిగిన చోట నిప్పురవ్వ లేచింది. మోకాటి లోతు తవ్వాడు, ఇంకా తవ్వాడు. అడుగు మన్ను తీసి పిడికిట పట్టాడు. వేళ్ళు విప్పగానే పిండిలా జారిపోయింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. ఇలాంటి మన్ను చూసే అతను సొంత ఊరు విడిచి వచ్చాడు. గుంత గట్టు మీద కూర్చుని ఆ అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు. నేల దొరికింది కదా, ముఖంలో ఆ సంతోషం జాడ లేదు.

"ఇంతమంచి ఇల్లు యెందుకు ఖాళీగా ఉండాదవ్వా?" అన్నాడు చివరికి.

"ఎందుకుండాదో నీకు తెలుసు. అడగతావెందుకు?" అంది బయమ్మ. "ట్యాంకరు వారానికొకతూరి వస్తాది, అదీ బుద్ధి పుడితే. కొళాయి పైపు వేసిపోయినారు. దాంట్లో తొండలు కాపురముండాయి. చేరిన వాళ్ళు చేరినట్లే పోతాండారు. నాకు పోయే చోటు లేదు కాబట్టి ఉండా."

అప్పుడే ఫోను మోగింది. పాత ఫోను, అవతలి గొంతు గది అంతటికీ వినిపించింది.

"ఏమాయ?" అంది తిమ్మమ్మ.

"దొరికినాది."

"కప్పు?"

"నిలబడె కర్ర."

"మన్ను?"

"పిండి. చేతిలో నిలబడలా."

తర్వాత అదే ఆఖరి ప్రశ్న అన్నట్టు, "నీళ్ళు?" అంది.

చెన్నప్ప వాకిట్లోకి చూశాడు. అక్కడ రాతి తొట్టి ఉంది. పశువులు ఉన్న రోజుల్లోది. దానిలో ఎండుటాకులు ఉన్నాయి. ఒక పక్కన నిలువునా బీట ఉంది.

"ఉండాయి" అన్నాడు.

"యాడ?"

"వాకిట్లోనే. తొట్టి ఉండాది."

"నిండా ఉంటాయా?"

"ఉంటాయి."

"నేను అడిగేది నువ్వు అనే మాట కాదు. నిజం అడగతాండా."

"వస్తావు కదా. నువ్వే చూద్దువు."

"సరే. మార్కండేయన్న బండి మాట్లాడతానన్నాడు. మగ్గమెత్తుకొని, మాపటికి నేనూ హేమా వస్తాము. గిరికి ఫోను జేసి రానని చెప్తా."

ఫోను ఆగిపోయాక ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు. నేను ఏదో అనబోయాను. ఆ తొట్టి ఆమె చూసిన క్షణాన ఏమవుతుందో చెప్పాలనుకున్నానో, వెంటనే మళ్ళీ ఫోను చెయ్యమనాలనుకున్నానో నాకే తెలియదు.

"నువ్వేం మాట్లాడొద్దు పెద్దాయనా" అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలినట్టు అన్నాడు. "నిజం చెప్తే బెంగళూరు బస్సెక్కుతాది. పిల్ల చదువు పోతాది. మగ్గం షావుకారుకు పోతాది. నేను కుందుర్పికి పోయి యేం చూసేది?"

"చెప్పకపోతే?"

అతను తొట్టిలోకి దిగి ఆకులు చేతులతో ఎత్తి పారేశాడు. బీటలో వేలు పెట్టి చూశాడు. వేలు లోపలికి పోయింది.

"కారుతాది నాయనా అది" అంది బయమ్మ. "నీళ్ళు పోసి యెన్నేండ్లాయనో."

"బంకమన్ను ఉండాదా ఈ పక్క?"

"బంకమన్ను తడిపేకి గూడా నీళ్ళు కావల్ల కదా."

అతను ఒంటి మీది తువ్వాలు తీసి, పొడుగ్గా చింపి, మెలిపెట్టి, గడ్డపార మొనతో ఆ బీటలోకి పొడిచాడు. ఎంత పొడిచినా ఇంకా పట్టింది. మిగిలిన గుడ్డ కూడా పెట్టాడు. ముఖం మీద చెమట ధారగా కారి తొట్టి అడుగున పడి ఎక్కడికక్కడ ఆరిపోతోంది. నా పై పంచె తీసి ఇచ్చాను. తీసుకున్నాడు. అదీ చింపి పొడిచాడు.

బయటికి వచ్చి బయమ్మ బిందెలు రెండూ అందుకున్నాడు. "యాడ పట్టుకొస్తావవ్వా నువ్వు?"

"రోడ్డు దాటి, ఆ ఎండిన వంక గూడా దాటి, అవతల తోట మోటరు కాడ. కరెంటుంటే ఇస్తారు. తిడతారు, ఇస్తారు. నేను ముసిల్దాన్ని కాబట్టి నాకు ఒక బిందె. నువ్వు తొట్టి నింపల్లంటే ఈ జన్మకు అవుతాదా?"

"మా ఆడమనిషి బిందె ముట్టకూడదవ్వా" అన్నాడు చెన్నప్ప. ఆ మాట ఆమెకు అర్థమయ్యే దారి లేదు. అయినా ఆమె ఎందుకని అడగలేదు. తన ఇంట్లోకి పోయి, ఇంకో చిన్న బిందె తెచ్చి, అందులో అడుగున ఉన్న నీళ్ళు చెంబులోకి వంపుకుని ఖాళీ బిందె అతని చేతికిచ్చింది.

"మాపటికి కరెంటు పోతాది, బిన్నా పోవల్ల, ఆలస్యం చేయాకు" అంది.

ఒక బిందె భుజాన పెట్టుకున్నాడు, రెండు చేతికి తగిలించుకున్నాడు. నేను అరుగు మీద నుంచి లేచి, నేనూ ఒకటి పట్టుకుంటానని చెయ్యి చాపాను. అతను నా చేతిని చూడలేదు, నన్నూ చూడలేదు. ఆ నానిపోయిన పాదాలతో గులకరాళ్ళ దిబ్బ దిగి, రోడ్డుకు అడ్డంపడి దాటి, వంక వైపు నడిచాడు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.